వేడి ఫినాల్‌తో ఎల్‌పీఎస్ తీయడం: మూడేళ్ళ వాడకం తర్వాత ఆ తెల్లపొడి మీద ఫిర్యాదు

బాక్టీరియా పై పొరలో ఉండే ఎల్‌పీఎస్ (లిపోపాలీశాకరైడ్)ను వేడి ఫినాల్‌తో తీసే ఈ పద్ధతి మీద కోపమంతా చివర్లో చేతికొచ్చే తెల్లపొడి మీదే. పని కుదిరినా అదే రూపు, చెడినా అదే రూపు. లయోఫిలైజర్ (గడ్డకట్టించి ఎండబెట్టే యంత్రం) ఫ్లాస్కు గోడల నుంచి దూదిలా ఊడి వస్తుంది. త్రాసు మీద బరువు బాగానే తూగుతుంది. అందులో ఎల్‌పీఎస్ ఎంత, మిగతాది ఏమిటి అన్నది మాత్రం బయటపెట్టదు.

వెస్ట్‌ఫాల్, యాన్ 1965లో రాసిపెట్టిన పద్ధతి ఇది. ఏ ల్యాబ్‌లో ప్రోటోకాల్ ఫైలు తెరిచినా దీని పిల్లో, మనవడో కనిపిస్తుంది. ఇక్కడ చెప్పేది ప్రమాదం లేని ల్యాబ్ ఈ.కోలై రకాలతో, చిన్న మోతాదులో వాడిన అనుభవం.

మెచ్చుకోవాల్సింది ముందు చెప్పాలి. పొరలు విడిపోవడం ఇంత శుభ్రంగా జరిగే పద్ధతి మరొకటి చూడలేదు. 5 గ్రాముల తడి పెల్లెట్‌ను (కణాల ముద్దను) పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో రెండుసార్లు కడిగి, 20 మి.లీ. నీళ్ళలో కలిపి 68 డిగ్రీలకు తేవాలి. విడిగా అదే వేడికి తెచ్చిన 90 శాతం ఫినాల్ 20 మి.లీ. అందులో పోసి, 20 నిమిషాలు గట్టిగా కలపాలి. ఆ వేడిలో ఫినాల్, నీళ్ళు ఒక్కటైపోతాయి. ఐసులో పెట్టగానే మజ్జిగలా తెల్లబడతాయి. 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 8,500 జీలో (భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలంతో) 20 నిమిషాలు తిప్పితే పైన నీటి పొర, మధ్యలో తెల్లటి తొక్క, కింద ఫినాల్. ప్రోటీన్లు చాలావరకు కిందికీ తొక్కలోకీ పోతాయి, ఎల్‌పీఎస్ పైకి వస్తుంది. పై పొరను గాజు పిపెట్‌తో తీస్తూ చివరి అర సెంటీమీటరు వదిలేయండి. ఆశపడి తొక్కను తాకితే ప్రోటీన్ వెంట వస్తుంది. కింది ఫినాల్ మీద మళ్ళీ 20 మి.లీ. వేడినీళ్ళు పోసి రెండోసారి తీసి, రెండూ కలిపేయాలి.

చెడేది ఎక్కువగా వేడి దగ్గరే. వాటర్ బాత్ డిస్‌ప్లే 68 అంటుంది, ట్యూబు లోపల 61 ఉంటుంది. అప్పుడు ఫినాల్, నీళ్ళు పూర్తిగా కలవవు, కణాలు గడ్డకట్టి అడుగున కూర్చుంటాయి. పక్కన నీళ్ళు మాత్రమే పోసిన ట్యూబులో థర్మామీటరు పెట్టి, అది 68 చూపాకే ఫినాల్ పోయండి. ట్యూబులు గాజువో టెఫ్లాన్‌వో అయ్యుండాలి. పాలీకార్బొనేట్ ట్యూబు ఫినాల్‌కు తట్టుకోదు, రోటర్‌లోనే పగులుతుంది, ఆ తర్వాత రోటర్ కడగడం ఒక రోజు పని.

హైదరాబాద్ వాళ్ళకు ఒక మాట. ఫినాల్ కరిగేది 40.5 డిగ్రీల దగ్గర. మే నెలలో ఏసీ లేని స్టోర్ రూములో సీసా దానంతటదే నీరవుతుంది, జనవరిలో రాయిలా ఉంటుంది. రాయిగా ఉన్న సీసాను తిన్నగా వేడి బాత్‌లో దింపితే గాజు పగిలే ప్రమాదం ఉంది. స్పాచులాతో పలుకులు తీసి తూచి, 90 గ్రాములకు 10 మి.లీ. నీళ్ళు కలిపితే ఆ తర్వాత ఏ కాలంలోనైనా ద్రవంగానే ఉంటుంది. గులాబీ రంగు తిరిగితే ఆక్సిడైజ్ అయినట్టే, ఈ పనికి పనికిరాదు. చర్మం మీద పడితే ముందు తెల్లబడి మొద్దుబారుతుంది, నొప్పి తర్వాత తెలుస్తుంది. అందుకే ఫ్యూమ్ హుడ్‌లో పీఈజీ-400 (చర్మం మీది ఫినాల్‌ను తుడిచే ద్రవం) సీసా చేతికందే దూరంలో ఉండాలి.

డయాలిసిస్ (చిన్న అణువులనే బయటికి వదిలే ట్యూబింగ్‌లో నీటి పొరను ఉంచి ఫినాల్ పోగొట్టడం) మూడు రోజులు, 4 డిగ్రీల దగ్గర, 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ ఆరేడుసార్లు మార్చుతూ. వాసన పోయిందని ఆపేయకండి. 270 నానోమీటర్ల దగ్గర ఫినాల్ శిఖరం పోయిందా లేదా చూడండి. మిగిలిన ఫినాల్ తర్వాత ఎల్‌ఏఎల్ పరీక్షను (ఎల్‌పీఎస్ చురుకు కొలిచేది) అడ్డుకుంటుంది. 12-14 కిలోడాల్టన్ల ట్యూబింగ్‌లోంచి ఎల్‌పీఎస్ జారిపోదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. ఒక్కో అణువు చిన్నదే కానీ నీళ్ళలో అవి గుంపుకట్టి పది లక్షల డాల్టన్లు దాటుతాయి. ఈడీటీఏనో డిటర్జెంటో కలిపితే ఆ గుంపు విడిపోతుంది, అప్పుడు భయపడాల్సిందే.

ఇక అసలు దెబ్బ. 5 గ్రాముల తడి పెల్లెట్ అంటే ఎండితే ఇంచుమించు 1 గ్రాము. అందులోంచి 80 మిల్లీగ్రాముల పొడి వచ్చింది. ఎల్‌పీఎస్ అంత ఉండే అవకాశమే లేదు, 30-40 అంటేనే ఎక్కువ. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ కాంతిని పీల్చే 260 నానోమీటర్ల దగ్గర కొండంత శిఖరం. నీటి పొరలోకి ఎల్‌పీఎస్‌తోపాటు ఆర్‌ఎన్‌ఏ కూడా తీరిగ్గా ఎక్కుతుంది, ఆ తెల్లదనంలో సగం పైగా అదే. పైన మెచ్చుకున్న శుభ్రత ప్రోటీన్ల వరకే అని అర్థం చేసుకోండి. మెగ్నీషియం ఉన్న బఫర్‌లో డీఎన్‌ఏస్, ఆర్‌ఎన్‌ఏస్ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను కోసే ఎంజైములు) వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఆపైన ప్రోటీన్లను కోసే ప్రోటీనేస్-కె వేసి, ఆ తర్వాత 1,00,000 జీలో 4 గంటలు తిప్పాలి. అడుగున చల్లారిన సగ్గుబియ్యం గంజిలా, ట్యూబును వెలుగుకి పట్టి ఏటవాలుగా వంచితే తప్ప కనపడని జెల్ మిగులుతుంది. అదీ ఎల్‌పీఎస్. ఎండబెడితే 22 మిల్లీగ్రాములు. అల్ట్రా సెంట్రిఫ్యూజ్ లేని ల్యాబ్ అయితే తార్నాక, హబ్సిగూడ వైపు పెద్ద ల్యాబుల్లో స్లాటు దొరికే దాకా ఆగాలి.

అంత చేశాక రెండు రకాల కణాల నుంచి తీసిన పొడులకు జెల్ వేస్తే (విద్యుత్తుతో అణువులను పొడవు వారీగా విడదీసే పరీక్ష) ఒక వరుసలో నిచ్చెన కనపడింది, పక్క వరుసలో అడుగున ఒక్క నల్ల మచ్చ తప్ప ఏమీ లేదు. రెండు పొడులూ చూపుకు ఒక్కటే. మొదట అనుమానం ఫినాల్ మీదికి పోయింది. కొత్త ఫినాల్‌తో తీసినా అదే. తర్వాత సిల్వర్ స్టెయిన్ (జెల్‌లో ఎల్‌పీఎస్‌ను కనపడేలా చేసే వెండి రంగు) మీదికి. పీరియాడిక్ యాసిడ్ 0.7 శాతం, 5 నిమిషాలు, మిల్లీ-క్యూ (అతి శుద్ధమైన) నీళ్ళు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. (బోరు నీళ్ళతో కడిగితే అందులోని క్లోరైడు వెండితో కలిసి జెల్ మొత్తం మసకబారుతుంది, అది వేరే గోల.) తప్పు పెల్లెట్‌లో ఉంది. నిచ్చెన లేని వరుస డీహెచ్5 ఆల్ఫాది. అది కె-12 అనే పాత ల్యాబ్ ఈ.కోలై సంతతి. కె-12లో డబ్ల్యూబీబీఎల్ జన్యువు మధ్యలో ఐఎస్5 అనే చోటు మారే డీఎన్‌ఏ ముక్క దూరి కూర్చుంది, అందుకే ఓ-యాంటిజెన్ (ఎల్‌పీఎస్ చివర ఉండే చక్కెర గొలుసు) కట్టదు. నిచ్చెన మెట్లంటేనే ఓ-యాంటిజెన్ పొడవులు. మెట్లే లేని దానికి నిచ్చెన ఎక్కడిది? బీఎల్21 అనే మరో ల్యాబ్ రకానికీ ఓ-యాంటిజెన్ లేదు. ల్యాబ్ ఫ్రీజర్‌లో చేతికందేవన్నీ ఇలాంటి రఫ్ (ఓ-యాంటిజెన్ లేని) రకాలే కావడం అసలు చిక్కు.

పైగా రఫ్ ఎల్‌పీఎస్‌లో కొవ్వు వాటా ఎక్కువ, ఫినాల్ వైపు మొగ్గుతుంది. నీటి పొరలోకి అసలు రాదని కాదు, వచ్చేది కొంతే. మిగతాది మనం వేస్ట్ సీసాలో పోసే ఫినాల్‌లోనూ తొక్కలోనూ ఉండిపోతుంది. ఈ ఒక్క మాట ప్రోటోకాల్ మొదటి వాక్యంలో ఉండాల్సింది.

రఫ్ రకాలకు గలానోస్, ల్యూడెరిట్జ్, వెస్ట్‌ఫాల్ 1969లో చెప్పిన మిశ్రమమే దారి: 90 శాతం ఫినాల్ 2, క్లోరోఫామ్ 5, పెట్రోలియం ఈథర్ 8 పాళ్ళు. కణాలు ముందే ఎండి ఉండాలి. వేడి అక్కర్లేదు. తీశాక రోటరీ ఇవాపొరేటర్‌లో క్లోరోఫామ్, ఈథర్ ఎగరగొట్టి, మిగిలిన ఫినాల్‌లో నీళ్ళు చుక్కచుక్కగా వేస్తుంటే ఒక చుక్క దగ్గర హఠాత్తుగా ఎల్‌పీఎస్ విరుగుతుంది. అక్కడ ఆగాలి. ఆర్‌ఎన్‌ఏ బెడద దాదాపు లేదు. కాకపోతే 40-60 డిగ్రీల పెట్రోలియం ఈథర్‌ను మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో తెరవడం మాత్రం వద్దు.

రెడీమేడ్ కిట్లు జెల్ మీద చూసుకోవడానికి సరిపోతాయి, మిల్లీగ్రాములు కావాలంటే ఖర్చు మోయలేం. జెల్ ఒక్కటే కావాలంటే కిట్టు కూడా అక్కర్లేదు, 1983 నాటి హిచ్‌కాక్, బ్రౌన్ దారిలో కణాలను ఉడికించి ప్రోటీనేస్-కె వేస్తే మర్నాటికి నిచ్చెన చూడొచ్చు.

మా అవసరం నెలకు 20-30 మిల్లీగ్రాముల స్మూత్ (ఓ-యాంటిజెన్ ఉన్న) ఎల్‌పీఎస్, యాంటీబాడీ పనికి. దానికి వేడి ఫినాలే వాడుతున్నాం, వాడతాం. కణాల మీద వేసి టీఎల్‌ఆర్4 (ఎల్‌పీఎస్‌ను గుర్తించే రిసెప్టర్) చూసేవాళ్ళకు ఇదే చాలని చెప్పలేను. మిగిలిన లిపోప్రోటీన్ చిటికెడు ఉన్నా టీఎల్‌ఆర్2 అనే మరో రిసెప్టర్‌ను లేపుతుంది, డీఆక్సీకోలేట్ అనే డిటర్జెంట్‌తో ఇంకోసారి ఫినాల్ శుద్ధి తప్పదు. గాజుకు అంటుకున్న బయటి ఎల్‌పీఎస్ పోవాలంటే గాజు సామాను కూడా 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి, ఆటోక్లేవ్ లెక్కలోకి రాదు. ఏ పనికైనా సరే, పెద్ద కల్చర్ పెట్టేముందు ఒక మి.లీ. కణాలతో ఆ ప్రోటీనేస్-కె జెల్ వేసి చూడండి. మెట్లు లేకపోతే ఫినాల్ సీసా మూత తీయొద్దు.