దేవరకొండ దారి కొలిమిలో చేయించుకున్న కొడవళ్ళు

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్ళే దారిలో, వేపచెట్టు కింద ఉన్న ఒక కమ్మరి కొలిమిలో వానాకాలం వరికోతలకు ముందు రెండు కొడవళ్ళు, ఒక గొడ్డలి చేయించుకున్నాను. కోతలు ముగిసేదాకా వాడి చూసిన తరువాతే ఇది రాస్తున్నాను.

ఆ కమ్మరి పెద్దాయన పాత లారీ కమాను పట్టీని ముక్క చేసి, బొగ్గుల్లో కాల్చి, దాగలి మీద సాగగొట్టారు. అసలు పనితనం ఆ తరువాత కనిపించింది. ఎర్రగా కాలిన కొడవలి అంచును మాత్రమే నీటిలో ముంచి తీసి, వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతూ ఉంటే, అక్కడ ఎండుగడ్డి రంగు తేలే క్షణం కోసం కన్నార్పకుండా చూసి, మళ్ళీ ముంచారు. ఒక్కసారే ముంచి వదిలేస్తే అంచు గట్టిపడుతుంది కానీ రాయి తగలగానే పెళుసుగా విరుగుతుంది. "ముంచుడు అందరికొస్తది సారూ, రంగు జూసుడే పని" అన్నారాయన.

చరిత్ర పాఠాలు చెప్పే నాకు అక్కడ ఖాలిబులు గుర్తుకు వచ్చారు. నల్ల సముద్రపు దక్షిణ తీరంలో, నేటి ఉత్తర తుర్కియేలో ఉండిన ఈ తెగ పేరుతోనే గ్రీకులు ఉక్కును 'ఖాలిప్స్' అన్నారు. క్రీ.పూ. 400 ప్రాంతంలో ఆ తీరం వెంట సైన్యంతో నడిచిన గ్రీకు రచయిత జెనోఫోన్, వారు కొద్దిమందేననీ, మోసినోయికులనే పొరుగు తెగకు లోబడి ఉండేవారనీ, ఎక్కువమంది ఇనుప పనితోనే బతికేవారనీ రాశాడు. క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి అపోలోనియస్, ఖాలిబులు దున్నరనీ, మందలు కాయరనీ, ఇనుపరాయి తవ్వి దానికి మారుగా తిండి సంపాదించుకుంటారనీ, మసి పొగల మధ్య కష్టం లేకుండా వారికి ఒక్క తెల్లవారూ రాదనీ చెప్పాడు. మడి లేకున్నా రైతులిచ్చే మేర గింజలతో ఇల్లు నడిపిన మన కమ్మరుల బతుకూ అలాంటిదే కనుక, ఆ మాటలు నాకు దూరదేశపు సంగతిగా అనిపించలేదు.

రెండెకరాల కోతలో ఈ కొడవళ్ళకు ఒక్కసారే సాన పట్టవలసి వచ్చింది. బజారులో కొన్న పాత కొడవలికి అంతే పొలంలో నాలుగుసార్లు పట్టించాను. గొడ్డలి పిడి మాత్రం పచ్చికట్టెతో వేసినందువల్ల నెలకే వదులైంది, మూడు రోజుల్లో ఇస్తామన్న పని ఎనిమిది రోజులకు చేతికొచ్చింది. ఎండుకట్టె మనమే తీసుకుపోవడం మంచిది. ఇనుము రంగు నీడలోనే సరిగా తెలుస్తుంది కనుక పదును పని ఆయన పొద్దున్నే ముగిస్తారు. చూడదలచినవారు 7 గంటలలోపే వెళ్ళాలి.