అమ్మానాన్నలకి క్యారేజీ: శ్రీకాకుళంలో ఒక ఇంటి మెస్

మూడు నెలలుగా మా అమ్మానాన్నలకి రెండు పూటలా క్యారేజీ ఇక్కడి నుంచే వెళ్తోంది. నేనూ తమ్ముడూ హైదరాబాద్‌లో, వాళ్లిద్దరే శ్రీకాకుళంలో. మొన్న వెళ్లి వారం రోజులు నేనూ అదే తిన్నాను.

అన్నం మెత్తగా వండుతారు. ఆనపకాయ పప్పు, బీరకాయ కూర, చారు, మజ్జిగ, అన్నిట్లో కారం తక్కువే. నాన్నకి పళ్లు సగం లేవు, అయినా ఒక్క ముక్కా పక్కన పెట్టలేదు. నాకు బాగా నచ్చినవి మాత్రం క్యారేజీ మూతలు. ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఇంటిపేరు, దాని కింద "ఉప్పు తక్కువ" అనో "సుగరు" అనో రాసి ఉంటుంది. పొద్దున్న పదకొండింటికి వెళ్తే వంటింటి అరుగు మీద నలభై దాకా వరసగా ఉన్నాయి, ఆ రాత లేనివి నాలుగైదే.

ఇరవై ఏళ్ల కింద మెస్ పెట్టినప్పుడు తినేవాళ్లంతా కోచింగులకొచ్చిన పిల్లలూ, పెళ్లికాని ఉద్యోగులూనట. "అప్పుడు ఎంత వండినా చాలేది కాదమ్మా, ఇప్పుడు సగం అన్నం తిరిగొచ్చేస్తోంది" అన్నారు వండే పిన్నిగారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. 1950ల్లో మన దేశంలో ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి దగ్గరగా పిల్లలు, 2019–21 సర్వేకి ఆంధ్రాలో అది 1.7కి దిగింది. మా నాయనమ్మకి ఆరుగురు, అమ్మకి మేమిద్దరం, నాకు ఒక్కతే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద అరవై దాటినవాళ్లు 8.6 శాతం, 2050కి ప్రతి ఐదుగురిలో ఒకరు వాళ్లే ఉంటారని అంచనా. మన వైపు వయసులో ఉన్నవాళ్లు విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో పోతారు కాబట్టి మా వీధికి 2050 దాకా ఆగక్కర్లేకపోయింది, పదకొండు ఇళ్లలో ఏడింట పెద్దవాళ్లే మిగిలారు.

లోపాలూ ఉన్నాయి. ఆదివారం రాత్రి వంట ఉండదు. ఓసారి వర్షానికి మధ్యాహ్నం క్యారేజీ రెండున్నరకి వచ్చింది, అమ్మ అప్పటికే సుగరు మాత్ర వేసేసుకుంది, కళ్లు తిరిగి గుమ్మంలోనే కూలబడిపోయింది. గట్టిగానే అడిగాను. అప్పట్నుంచి లేటయితే ముందే ఫోన్ చేస్తున్నారు. క్యారేజీ తెచ్చే అబ్బాయి తలుపు తియ్యకపోతే గుమ్మంలో పెట్టి వెళ్లిపోడు, నాకు ఫోన్ చేసి నిలబడతాడు. నాకు అదొక్కటీ చాలు.

ఇద్దరికీ నెలకి 7,500. ముందు ఒక వారానికి కట్టి చూడండి, ఉప్పూ సుగరూ సంగతి మొదటి రోజే చెప్పండి, మూత మీద రాసేస్తారు.