పాటర్ హైగమ్ వంతెన కింద మీ బోటు పడుతుందా?

నదులూ సరస్సులూ కలిసిన నార్ఫోక్ బ్రాడ్స్‌లో బోటు బుక్ చేసేముందు అందరూ అడిగేవి ఒకటే: పడకలెన్ని, షవర్ ఉందా, కుక్కపిల్లను తీసుకెళ్లొచ్చా. నీటి పైన బోటు ఎత్తెంత అని అడిగేవాళ్లు తక్కువ. లండన్ నుంచో బర్మింగ్‌హామ్ నుంచో ఇంగ్లండ్ తూర్పు అంచుకు కారేసుకొచ్చి, ముందే అనుకున్న హిక్లింగ్ సరస్సును చూడకుండా వెనుదిరిగేది ఎక్కువగా ఈ ఒక్క ప్రశ్న వదిలేసినవాళ్లే.

హిక్లింగ్ బ్రాడ్‌కూ హోర్సీ మియర్‌కూ (ఇక్కడ బ్రాడ్ అన్నా మియర్ అన్నా సరస్సే) బోటులో వెళ్లాలంటే థర్న్ నది మీద పాటర్ హైగమ్ పాత వంతెన దాటాలి. మధ్యయుగపు రాతి కట్టడం. నడిమి కమాను గుండ్రంగా, పక్కవి రెండూ మొనదేలి ఉంటాయి. బోట్లకు పనికొచ్చేది నడిమిదే. సగటు పోటు నీటి దగ్గర దాని కింద ఎత్తు సుమారు 6 అడుగుల 6 అంగుళాలు. పక్కనే కొత్త రోడ్డు వంతెన 7 అడుగుల 6 అంగుళాలు కాబట్టి పాతది దాటితే దానితో చిక్కులేదు. బ్యూర్ నది మీద రాక్స్‌హామ్ వంతెన 7 అడుగుల 3 అంగుళాలు, యాంట్ నది మీద వేఫర్డ్ 7 అడుగులు, లడమ్ వంతెన 8 అడుగుల 6 అంగుళాలు. ఏక్ల్ వంతెన దగ్గర 12 అడుగులు, అక్కడ భయమే లేదు. ఇవన్నీ సగటు లెక్కలు. మీరు వెళ్లిన రోజు నీరు ఎక్కడుందో చెప్పేది వంతెన దగ్గర నీళ్లలో పాతిన గేజ్ బోర్డు మాత్రమే.

ఆ బోర్డు చదవడంలో కొత్తవాళ్లు తికమకపడతారు. అది నీటి లోతు కాదు, వంతెన కింద మిగిలిన ఖాళీ. నీరు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. పైగా ఆ అంకె కమాను నడినెత్తిన ఉన్న ఖాళీకి. అద్దె బోటు పైకప్పు మాత్రం అంచుల దాకా చదరంగా ఉంటుంది, కమాను పక్కలకు వాలుతుంది. అందుకే 6 అడుగుల 4 అంగుళాల బోటు, బోర్డు మీద 6 అడుగుల 6 అంగుళాలు చూసి దూరితే నడుమ తగలదు, పైకప్పు అంచు రాసుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ మూల చీలేది అక్కడే. బోటు లోపల పలక మీద రాసిన ఎత్తుతో పాటు వెడల్పూ, పైకప్పు మూలల ఆకారమూ చూడాలి. ఒకే ఎత్తున్న రెండు బోట్లలో మూలలు గుండ్రంగా ఉన్నది దాటిపోతుంది, పెట్టెలాంటిది ఆగిపోతుంది.

పలక మీది ఎత్తు సాధారణంగా కాన్వాస్ మడిచి, ముందు అద్దం దించాక వచ్చేది. జెండా కర్ర, పైకప్పు మీద ఆరేసిన తువ్వాళ్లు, కట్టిన సైకిళ్లు అన్నీ దానిపైన అదనం. పైన కూడా స్టీరింగ్ ఉన్న రెండంతస్తుల బోట్లు చాలావరకు ఇక్కడ దాటవు. వాటిని తీసుకుంటే హిక్లింగ్ ఆశ మొదటే వదులుకోవాలి.

అందరూ ఎక్కి కూర్చుంటే బోటు కిందికి దిగుతుందిగా అంటారు. లెక్క చూడండి. నీటిని తాకే పరపు 30 చదరపు మీటర్లుండే బోటులో 420 కిలోలు, అంటే ఆరుగురు పెద్దవాళ్లు ఎక్కితే అది దిగేది 14 మిల్లీమీటర్లు, అర అంగుళం. నీళ్ల ట్యాంకు నింపినా అంతే. ఆ ఆరుగురూ ఫొటోల కోసం ఒక పక్కకు చేరితే మాత్రం అవతలి మూల అంతకంటే చాలా ఎక్కువ లేస్తుంది. కాబట్టి అందరూ లోపల, నడుమ, కూర్చుని ఉండాలి. చేతులు బయటికి వద్దు. వంతెనను చేత్తో నెట్టబోతే వేళ్లు నలుగుతాయి.

ఇక నీరు. పాటర్ హైగమ్ దాకా వచ్చేసరికి ఆటుపోట్ల తేడా అంగుళాల్లోనే ఉంటుంది, అందుకే ఆటు కోసం ఆగితే లాభం కొద్దిగానే. నీటిని అసలు పైకెత్తేది వాతావరణం. ఉత్తర సముద్రం మీద వాయవ్య గాలి బలంగా వీస్తే ఈ నదులు సముద్రంలో కలిసే గ్రేట్ యార్మత్ దగ్గర సముద్రమే ఉబ్బి, నది నీరు బయటికి పోదు. గాలి పీడనం ఒక మిల్లీబార్ పడితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. దానికి వాన తోడైతే వంతెన రోజుల తరబడి అద్దె బోట్లకు దారివ్వదు. ఆకాశం నీలంగా ఉన్న ఉదయాన కూడా ఇది జరుగుతుంది, ఎందుకంటే గాలి వీచింది నిన్న, అదీ స్కాట్లాండ్ పక్కన.

పడకలున్న అద్దె బోటును పాటర్ హైగమ్‌లోగానీ రాక్స్‌హామ్‌లోగానీ మీరే నడిపి దాటించకూడదు, వంతెన దాటించే పైలట్ ఎక్కాలి. సేవ పగటివేళల్లోనే. సమయాలు, రుసుము బోటు అప్పగించేటప్పుడే అడిగి రాసుకోండి. ఈ ఏర్పాటు నిజంగా మంచిది. పైలట్ ఆ కమానును రోజూ చూసేవాడు, వద్దంటే వాదించే పని లేదు. ఎదురు ప్రవాహంలో అయితే అతను మెల్లగా వెళ్లి, తేడా వస్తే వెనక్కి తీసుకోగలడు. వెనక నుంచి నీరు నెడుతుంటే ఆ వీలు తగ్గుతుంది. డ్యామేజ్ వేవర్‌లో (బోటు దెబ్బతింటే ఖర్చు మాఫీ చేసే ఒప్పందం) వంతెన దెబ్బలు, పైకప్పు దెబ్బలు వస్తాయో రావో మాత్రం సంతకానికి ముందే చదవాలి.

అయినా దాటడం సగం పనే. పొద్దున రెండు అంగుళాల వెసులుబాటుతో పైకి వెళ్లిన బోటు, రాత్రి నీరు మూడు అంగుళాలు పెరిగితే అవతలే చిక్కుకుంటుంది. బోటు అప్పగించే రోజుకు ముందటి రాత్రి వంతెన అవతల గడపొద్దు. గాలి ఉత్తరం నుంచి వీస్తుందని సూచన ఉంటే వెళ్లిన రోజే తిరిగి రండి.

ఇంత కష్టానికి తగ్గ ఫలం ఉందా అంటే మే చివర, జూన్‌లో ఉంది. బ్రాడ్స్ అన్నిటిలోకీ హిక్లింగ్ పెద్దది, బ్రిటన్‌లో స్వాలోటెయిల్ సీతాకోకచిలుక ఉండేది ఈ ప్రాంతంలోనే. హోర్సీలో పాత గాలిమర, కొంచెం నడిస్తే సముద్రం. నీళ్లు లోతు తక్కువ, గుర్తు కర్రల మధ్యే నడపాలి. రెల్లు తప్ప ఏమీ కనిపించని మైళ్లు పిల్లలకు విసుగు తెప్పించొచ్చు.

దాటడం కుదరకపోతే బోటును వంతెన ఇవతలే కట్టేసి టాక్సీలో హిక్లింగ్ వెళ్లండి. అక్కడ నార్ఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ వసంతం నుంచి శరత్తు దాకా చిన్న బోటు యాత్రలు నడుపుతుంది, ముందే బుక్ చేయాలి. లేదంటే లడమ్ వంతెన దాటి యాంట్ నది పట్టుకోండి. హౌ హిల్, బార్టన్ బ్రాడ్ చూడొచ్చు, రేవులు బాగుంటాయి, వేసవిలో సాయంత్రం నాలుగింటికల్లా చేరకపోతే చోటు దొరకడం కష్టం. వంట సామాను రాక్స్‌హామ్ వంతెన దగ్గరి రాయ్స్ దుకాణంలో తీసుకోవచ్చు. చింతపండు, కరివేపాకు, కందిపప్పు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి.