పెల్లెట్లు తూచడమా, తల సైజు చూసుకోవడమా?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ (చిన్న లోహపు గుండు), గురి బోర్డు చేరేలోపు దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగం 2 మీటర్లు తగ్గిందంటే ఇంకో 0.4 మిల్లీమీటర్లు జారినట్టే. పది పాయింట్ల చుక్క వెడల్పే 0.5 మిల్లీమీటర్లు! అందుకే ఒకేలా ఉండే పెల్లెట్లు ఏరుకోవాలి. తూచి ఏరాలా, తల సైజు చూసి ఏరాలా అన్నదే ప్రశ్న.

తూచడం ప్రొద్దుటూరు వాళ్లకు సులువు. బంగారం అంగళ్ల ఊళ్లో మిల్లీగ్రాము చూపే కాటాకు కొదవేముంది? 0.01 గ్రాము వరకే చూపే చవక కాటా మాత్రం దండగ. 0.53 గ్రాముల పెల్లెట్‌కు ఆ ఒక్క అంకే 2 శాతం. బరువు ఒక శాతం మారితే వేగం మారేది సుమారు అర శాతమే, అంటే బోర్డు మీద 0.2 మిల్లీమీటర్ల లోపు. పైగా తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి. కడప ఎండల్లో అదో శిక్ష.

తల సైజు, అంటే పెల్లెట్ ముందు భాగం వెడల్పు, దాని సంగతి వేరు. డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని మిల్లీమీటర్లలో ఉంటుంది. వదులైతే గాలి పక్కనుంచి తప్పించుకుంటుంది, బిగుతైతే రాపిడి పెరుగుతుంది. ఏది నప్పుతుందో మీ బ్యారెలే చెప్పాలి. రైఫిల్‌ను కదలకుండా బిగించి, సైజుకో కార్డు పెట్టి కాల్చి చూడండి. ఏ సైజు రంధ్రాలు దగ్గరదగ్గరగా పడతాయో తేలిపోతుంది. రెండు మూడు డబ్బాల ఖర్చు తప్పదు.

నా ఓటు తల సైజుకే. కాటా, మరీ తేడాగా ఉన్నవాటిని ఏరేయడానికి చాలు. వెనక అంచు సొట్టపోయినవి కంటికే దొరుకుతాయి. రైఫిల్‌లో గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటరే నిలకడగా లేకపోతే ఈ రెండింటితోనూ లాభం లేదు, ముందు క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) పెట్టి రెగ్యులేటర్‌ను చూపించుకోండి.