కీన్ టు హెల్ప్, హార్డ్ టు హెల్ప్: ఒకే అచ్చు, రెండు అర్థాలు

‘షీ ఈజ్ కీన్ టు హెల్ప్’, ‘షీ ఈజ్ హార్డ్ టు హెల్ప్’. పైకి కవలల్లా ఉన్నా, మొదటిదానిలో సాయం చేసేది ఆమే. రెండోదానిలో సాయం అందుకోవాల్సింది ఆమె, చేసేది ఇంకెవరో. తెలుగులో పెడితే గుట్టు బయటపడుతుంది: సాయం చేయాలని ఆమె ఉబలాటపడుతోంది, ఆమెకు సాయం చేయడం కష్టం.

తేల్చుకోవడానికి వాక్యాన్ని ‘ఇట్ ఈజ్’తో మొదలుపెట్టి చూడండి. ‘ఇట్ ఈజ్ హార్డ్ టు హెల్ప్ హర్’ చక్కగా కుదురుతుంది. ‘హార్డ్’ స్థానంలో ‘కీన్’ పెడితే కుదరదు. ఈగర్, విల్లింగ్ కూడా కీన్ బాపతే. ఈజీ, టఫ్ హార్డ్ బాపతు.

తప్పులన్నీ దాదాపు హార్డ్ దగ్గరే. అక్కడ క్రియకు కర్మ కర్తస్థానంలోకి వెళ్లిపోయింది కనుక చివర ‘హర్’ మళ్లీ చేర్చకూడదు. ప్రిపొజిషన్ మాత్రం ఉండాలి: ‘ది చెయిర్ ఈజ్ హార్డ్ టు సిట్ ఆన్’. స్లీప్‌కు కర్మే లేదు కాబట్టి ‘హీ ఈజ్ హార్డ్ టు స్లీప్’ తప్పు, ‘ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ హిమ్ టు స్లీప్’ ఒప్పు. ‘హీ ఈజ్ కీన్ టు స్లీప్’కు ఆ పేచీ లేదు.

‘రెడీ’ మాత్రం రెండు పడవల్లో కాలు పెడుతుంది. ‘ది ఫిష్ ఈజ్ రెడీ టు ఈట్’ అంటే చేప తినబోతోందా, చేపను మనం తినొచ్చా? సందర్భమే చెప్పాలి.