నీల్ ఐలాండ్ వెళ్తున్నారా? ఫెర్రీ టికెట్ చేతికి రాకుండా డబ్బు మొత్తం కట్టకండి

అండమాన్‌లో నీల్ ఐలాండ్‌కి ప్యాకేజీ మాట్లాడుకుంటున్నవాళ్లు ఇది చదివాక డబ్బు కట్టండి. దాని పేరు 2018లో షహీద్ ద్వీప్ అని మార్చారు. ఏజెంట్లు ఇంకా పాత పేరే వాడతారు కాబట్టి, టికెట్ మీద కొత్త పేరు కనిపిస్తే కంగారుపడకండి.

మేం హైదరాబాద్ నుంచి నలుగురం, మా అత్తగారితో కలిపి. ఫోన్‌లో పరిచయమైన ఏజెంట్‌కి బయల్దేరక ముందే మొత్తం కట్టేశాం. అక్కడే బోల్తా పడ్డాం. ఫెర్రీ టికెట్లు పంపమంటే ప్రతిసారీ ఒకటే మాట: "జెట్టీ దగ్గర మా మనిషి ఇస్తాడు మేడమ్, టెన్షన్ వద్దు."

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం) జెట్టీ దగ్గరికి మనిషైతే వచ్చాడు. ఇచ్చిన టికెట్ల మీద మాత్రం ఎవరివో పేర్లు. అవేం సిటీ బస్సు టికెట్లు కావు, పేరూ ఐడీ కార్డూ సరిపోలితేనే లోపలికి పంపుతారు. మా కళ్ల ముందే పడవ వెళ్లిపోయింది. అత్తగారు సూట్‌కేస్ మీదే కూర్చుండిపోయారు, డబ్బాలో పులిహోర ఎవరూ ముట్టలేదు. చివరికి మధ్యాహ్నం గవర్నమెంట్ ఫెర్రీకి మళ్లీ మా డబ్బుతోనే టికెట్లు కొన్నాం.

"బీచ్ పక్కనే" అన్న రూమ్ నుంచి బీచ్‌కి వక్కతోటల మధ్య ఇరవై నిమిషాల నడక. ఫోటోలో చూపించిన సముద్రం వేరే రిసార్ట్‌దట. రాత్రంతా వినిపించింది అలల చప్పుడు కాదు, జనరేటర్ మోత.

లక్ష్మణ్‌పూర్ వైపు మన తిరుమల శిలాతోరణం లాంటి రాతి వంతెన ఉంది. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గితేనే, రాళ్ల మీద నడుచుకుంటూ దాని దాకా వెళ్లగలం. మమ్మల్ని నిండు పోటులో తీసుకెళ్లారు. దూరం నుంచి చూసి వచ్చేశాం. డ్రైవర్ని అడిగితే "ప్రోగ్రామ్‌లో ఈ టైమే రాశారు" అన్నాడు, పాపం అతని తప్పేముంది.

దీవిని మాత్రం ఏమీ అనలేను. సీతాపూర్ బీచ్‌లో తెల్లారకముందే వెళ్లి కూర్చుంటే మనం తప్ప మనిషి ఉండడు.

కాబట్టి మీ పేర్లతో ఉన్న ఫెర్రీ టికెట్ ముందుగా వాట్సాప్‌లో తెప్పించుకోండి, అసలైతే మీరే బుక్ చేసుకోవచ్చు. హోటల్ పేరు అడిగి నేరుగా వాళ్లకే ఫోన్ చేయండి. ఆటుపోట్ల వేళలు నెట్‌లో దొరుకుతాయి, అవి చూశాకే ప్రోగ్రామ్ ఒప్పుకోండి. సముద్రం బాగోలేకపోతే ఫెర్రీలు రద్దు చేస్తారు, అందుకని తిరుగు విమానానికి ముందు ఒక రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీ ఉంచుకోండి.

రిఫండ్ అడిగితే ఏజెంట్ "వాతావరణం వల్ల ఆలస్యమైంది మేడమ్" అన్నాడు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడు వారాలైంది, నా మెసేజ్‌ల కింద నీలం టిక్కులైతే పడుతున్నాయి.