ఆన్‌లైన్ ప్రయోగాల్లో వీడియోలు: జేఎస్‌సైక్‌తో నా అనుభవం

పెదవులు ‘గ’ అంటున్న వీడియోకి ‘బ’ అనే శబ్దం అతికించి చూపిస్తే చాలామందికి ‘ద’ అని వినిపిస్తుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ బయటపెట్టిన ఈ తమాషాని తెలుగు మాట్లాడేవాళ్ల మీద ఆన్‌లైన్‌లో పరీక్షించడం మా ల్యాబ్‌లో నా పని. పాల్గొనేది ఎక్కువగా డిగ్రీ పిల్లలు, వాళ్ల చేతిలో ఉండేది ఫోన్. దీనికి నేను వాడేది జేఎస్‌సైక్. బ్రౌజర్లోనే మనస్తత్వశాస్త్ర ప్రయోగాలు నడపడానికి జాషువా డి లీవ్ మొదలుపెట్టిన ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఇది. ఆరో వెర్షన్ రోజుల నుంచి ఎనిమిదో వెర్షన్ దాకా దీంతోనే నడిపిస్తున్నాను. ఒక్కమాటలో నా అభిప్రాయం అడిగితే, ‘వీడియో ప్లే అవ్వట్లేదండీ’ అని వచ్చే మెసేజ్‌లలో ఈ లైబ్రరీ వల్ల వచ్చేవి చాలా తక్కువ. ఫైలు, సర్వర్, ఫోన్, ఇయర్‌ఫోన్స్, ఈ నాలుగే అసలు తలనొప్పి.

ఇందులో నాకు బాగా నచ్చింది ప్రీలోడ్. వీడియో వంతు వచ్చినప్పుడు నెట్ మీంచి లాగడం మొదలుపెట్టకుండా, ముందే ఫైలు మొత్తాన్ని ఫోన్ మెమరీలోకి దించేసుకుంటుంది. ఆ తర్వాత సిగ్నల్ పోయినా ఇబ్బంది లేదు. హాస్టల్లో కిటికీ పక్కన ఒక స్పీడు, మంచం మీద ఒక స్పీడు వచ్చే పిల్లలకి ఇంతకంటే కావాల్సిందేముంది? ముఖం స్పష్టంగా కనబడే 3 సెకన్ల క్లిప్పుని 1.5 మెగాబిట్ల రేటుకి కుదిస్తే అర ఎంబీ పైచిలుకు అవుతుంది. అలాంటివి 60 ఉంటే సుమారు 34 ఎంబీ. అన్నీ ఒకేసారి దించమంటే విసుగొచ్చి పేజీ మూసేస్తారు. అందుకని ప్రయోగంలో మొదటి భాగానికి కావాల్సినవి ముందు, మిగతావి మధ్యలో విరామం ఇచ్చినప్పుడు దించేలా విడివిడిగా పెట్టుకోవచ్చు. ఇంకో చిన్న సంగతి: లోడింగ్ గీత ఒక్కో ఫైలు పూర్తయ్యాకే కదులుతుంది. కాబట్టి పెద్ద ఫైలు ఒక్కటే ఉంటే పేజీ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. పైన కనిపించే సందేశాన్ని మార్చుకునే వీలుంది కాబట్టి నేను ‘వీడియోలు లోడ్ అవుతున్నాయి, దయచేసి పేజీ మూసేయకండి’ అని తెలుగులో పెట్టాను. లోడ్ కాకపోతే వచ్చే ఇంగ్లిష్ సందేశాన్ని కూడా మార్చేశాను.

ప్రీలోడ్‌లో ఒక మెలిక ఉంది. ఆటోమేటిక్‌గా ఫైళ్లు ఏరుకోమంటే, ట్రయల్‌లో (అంటే ప్రయోగంలో ఒక్కో అడుగులో) నేరుగా పేరు రాసిన వీడియోలనే ఏరుకుంటుంది. టైమ్‌లైన్ వేరియబుల్ (ఒకే ట్రయల్‌ని వేర్వేరు వీడియోలతో మళ్లీ మళ్లీ నడిపే జాబితా) ద్వారా వచ్చేవాటినీ, ఫంక్షన్ ద్వారా వచ్చేవాటినీ వదిలేస్తుంది. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది, కానీ మన ప్రయోగాల్లో దాదాపు అన్ని వీడియోలూ టైమ్‌లైన్ వేరియబుల్ ద్వారానే వస్తాయి కదా! మా దగ్గర ఇది విచిత్రంగా బయటపడింది. ఆండ్రాయిడ్ వాళ్లందరికీ బాగానే ఆడుతోంది, ఐఫోన్ ఉన్నవాళ్లకి మాత్రం నల్ల తెర. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూస్తే అప్పుడు అర్థమైంది. ప్రీలోడ్ కాని వీడియోని నేరుగా సర్వర్ నుంచి తెచ్చుకునేటప్పుడు, ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్ వీడియో మొత్తం అడిగే ముందు మొదటి రెండు బైట్లు మాత్రం ఇమ్మని సర్వర్‌ని అడుగుతుంది. దానికి సర్వర్ 206 అనే కోడ్‌తో ఆ ముక్క వరకే ఇవ్వాలి. మేం అద్దెకి తీసుకున్న సర్వర్ 200 అని చెప్పి ఫైలు మొత్తం పంపేస్తోంది. దాంతో సఫారీ అలిగి కూర్చుంటోంది. వీడియోల పేర్లన్నీ ప్రీలోడ్ ట్రయల్‌లో చేత్తో రాసి పెట్టగానే, ఫైళ్లు ముందే మెమరీలోకి వచ్చేసి, ఆ ముక్కల గొడవే లేకుండా పోయింది. సర్వర్ మార్చే పని తప్పింది.

ఇక ఫైలు విషయం. ఐఫోన్‌తో తీసిన వీడియోలు చాలావరకు హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో ఉంటాయి. అవి అన్ని బ్రౌజర్లలోనూ ఆడతాయన్న నమ్మకం లేదు. ఎంపీ4 అని పేరున్నంత మాత్రాన సరిపోదు, లోపల వీడియోని కుదించిన పద్ధతి హెచ్.264 అయ్యుండాలి, రంగుల ఫార్మాట్ వైయూవీ420పీ అయ్యుండాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నాణ్యత కోసం 444 అనే రంగుల ఫార్మాట్‌లో బయటికి తీస్తే క్రోమ్‌లో చక్కగా ఆడి, ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తుంది. వీడియోల ఫార్మాట్ మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే టూల్‌లో తిరిగి మార్చేటప్పుడు ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్ కూడా కలిపేస్తాను. అది ఫైలు సూచికని చివర్నించి మొదటికి తెస్తుంది. ప్రీలోడ్ ఎందుకైనా తప్పిపోయినా వీడియో త్వరగా మొదలవుతుంది. గూగుల్ డ్రైవ్ షేర్ లింకుని వీడియో చిరునామాగా పెట్టే కొత్త విద్యార్థులు ప్రతి ఏడాదీ తగులుతారు. ఆ లింకు వెనక ఉండేది వీడియో కాదు, వెబ్ పేజీ. దాన్ని ఏ ప్లేయరూ ఆడించలేదు.

సౌండ్ ఉన్న వీడియో దానంతటదే మొదలవడాన్ని సఫారీ 2017లో, క్రోమ్ 2018లో కట్టడి చేశాయి. మొదట్లో ‘ప్రారంభించు’ బటన్ పెడితే క్రోమ్‌లో చాలావరకు సర్దుకుంటుంది. ఐఫోన్‌లో ఆ ఒక్క నొక్కుడు చాలదని అనుకోవడమే క్షేమం. మేం ఆటోప్లే తీసేసి, ప్రతి వీడియోనీ వాళ్లే నొక్కి చూసేలా మార్చాం. ప్రయోగం కాస్త సాగింది గానీ ఫిర్యాదులు ఆగాయి. లింకుని మెసేజ్ యాప్ లోపలే కాకుండా బ్రౌజర్లో తెరవమని కూడా చెప్పండి.

అన్నిటికంటే విసిగించింది మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్లు. పెదవులు ముందు, శబ్దం తర్వాత. ఎంత ఆలస్యం అన్నది ఒక్కో సెట్‌కి ఒక్కోలా ఉంటుంది. శబ్దం కాస్త వెనకబడితే మెదడు కొంతవరకు సర్దుకుంటుంది కాబట్టి పాల్గొనేవాళ్లకి తేడా తెలియదు, మన ఫలితాలు మాత్రం చెడిపోతాయి. వైరు ఇయర్‌ఫోన్స్ వాడమని రాస్తే ఎవరు వింటారు? అందుకే మొదట్లో ఒక మనిషి చప్పట్లు కొట్టే క్లిప్పు పెట్టి, చేతులు కలిసినప్పుడే శబ్దం వచ్చిందా, తర్వాత వచ్చిందా అని అడుగుతున్నాం. ‘తర్వాత’ అన్నవాళ్లని ఇయర్‌ఫోన్స్ మార్చి మళ్లీ రమ్మంటాం.

లైబ్రరీలో నాకు వెలితిగా అనిపించేది ఒకటుంది. స్పందన సమయాన్ని వీడియో తెర మీదకి వచ్చినప్పటి నుంచి లెక్కిస్తుంది. మధ్యలో వీడియో ఒక క్షణం ఆగితే ఆ ఆగిన సేపు కూడా అందులోనే కలిసిపోతుంది, డేటాలో దాని ఆనవాలే ఉండదు. ట్రయల్ తెర మీదకి రాగానే నడిచే ఆన్‌లోడ్ ఫంక్షన్‌లో వీడియో ఎలిమెంట్‌ని పట్టుకుని, వెయిటింగ్, స్టాల్డ్, ఎర్రర్ ఈవెంట్లు (వీడియో ఆగిందనో, చెడిందనో బ్రౌజర్ ఇచ్చే సంకేతాలు) ఎప్పుడొచ్చాయో మనమే రాసుకోవాలి. నాలుగు లైన్ల కోడ్, కానీ ఆ వివరాలు లేని డేటా ఫైలుని నేనిప్పుడు విశ్లేషణకి తీసుకోను. ట్యాబ్ మార్చారా, ఫుల్‌స్క్రీన్ నుంచి బయటికొచ్చారా అన్నది మాత్రం లైబ్రరీయే నమోదు చేస్తుంది, ఆ మేరకు మెచ్చుకోవాలి.

వీడియో చూపించి ఆ తర్వాత ప్రశ్న అడిగే ప్రయోగాలకి దీన్ని నిశ్చింతగా వాడొచ్చు. ఒక్కో ఫ్రేము ఎప్పుడు కనిపించిందో కచ్చితంగా కావాలంటే పాల్గొనేవాళ్లని ల్యాబ్‌కే పిలవండి. పాత వెర్షన్‌లో డేటా సేకరణ నడుస్తుంటే మాత్రం అది పూర్తయ్యేదాకా కొత్త వెర్షన్ జోలికి వెళ్లకండి.